మా టిన్

లత టౌన్‌షిప్, ఎయిటీన్త్ స్ట్రీట్, థర్డ్ ఫ్లోర్
21 మార్చి 2021

ప్రియమైన మావకి,

పెళ్లయి ఆరేళ్లయినా నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఇన్నాళ్లూ ఫోనులో అరుచుకుంటే సరిపోయేది. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కినప్పటినుంచి ఇంటర్‌నెట్ లేదు. ఫోనులో మాట్లాడితే ఎవరు వింటున్నారో తెలియదు. రోడ్డు మీద సోల్జర్లు ఆపి, ఫోను లాక్కుని లోపలున్నవన్నీ చూస్తున్నారు. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఈ బర్మా ఊళ్లో తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఉత్తరం సింహాచలమ్మ గోంగూర గంపలో పెట్టుకుని తెస్తుంది. ఆవిడకి ఏ భాషా చదవడం రాదు, అదే నా ధైర్యం. అయినా కాగితం మడతలో నా తల వెంట్రుక ఒకటి పెట్టాను. అది లేకపోతే మధ్యలో ఎవరో విప్పారన్నమాట. నాకు చెప్పు.

సైన్యం మీద మీ ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపు చేస్తున్న స్ట్రైకు ఎలా ఉంది? క్వార్టరు ఖాళీ చేసి అత్తయ్యని తీసుకుని ఎవరింట్లోనో సర్దుకున్నావని విన్నాను. పది రోజులని అమ్మ దగ్గరికి వచ్చినదాన్ని, ఇక్కడే చిక్కుకుపోయాను. వీధికి రెండు వైపులా ఇసుక బస్తాలు. మా తమ్ముడు బలరాం ఇరవై ఆరేళ్ల మగాడు, వాడే రెండు బస్తాల మధ్య నుంచి దూరి వెళ్లి సరుకులు తెస్తున్నాడు. వాడు తిరిగి వచ్చేదాకా అమ్మ కిటికీ వదలదు.

మా ల్యాబుకు తాళం పడింది. నాతో పనిచేసే ఆశ కూడా స్ట్రైకులో చేరి ఊరు వదిలిపోయింది. పోయే ముందు మేమిద్దరం రెండేళ్లుగా చేస్తున్న జెల్ అచ్చులన్నీ ఒక బిస్కెట్ టిన్నులో సర్ది నా చేతిలో పెట్టింది. అదే, నువ్వు జున్ను అని ఏడిపిస్తావే, అది. దానికి రోజూ మంచుగడ్డలు కావాలి. బలరాం బోటాటౌంగ్ కోల్డ్ స్టోరేజీ నుంచి గోనెసంచిలో తెస్తున్నాడు. మా టిన్ క్షేమంగా ఉంది. మా టిన్ నా మంచం కిందే ఉందని నీకొక్కడికే చెబుతున్నాను. అందులో అమోనియా పేరున్న పొడి పొట్లం కూడా ఒకటి ఉంది. బిస్కెట్లు చేసేవాళ్లు కూడా వాడేదే, కానీ ఈ రోజుల్లో ఆ పేరు చూస్తే బాంబంటారు.

జాగ్రత్త. వెంట్రుక సంగతి మరిచిపోకు.

నీ
మణి


ఇన్సేన్
29 మార్చి 2021

ప్రియమైన సహధర్మచారిణి బాలామణికి,

ఇచ్చట అమ్మయు నేనును కుశలము. అచ్చట మీరందరును కుశలమని తలంచెదను. నీ లేఖ అందినది, సంతోషము. అమ్మ మోకాలినొప్పి కొంత ఉపశమించినది. సమ్మె కొనసాగుచున్నది.

నీవు వ్రాసిన టిన్ను విషయమై నా మనస్సు మిక్కిలి కలవరపడుచున్నది. అందులో నిజముగా ఏమున్నది, దానికి మంచు ఎందులకు, ఆ సంగతి ఎవరెవరికి తెలియును, ఇవన్నియు విశదముగా తెలియజేయవలెను. ఆ పొడిని వెంటనే పారవేయుట మంచిది.

ఇట్లు,
నీ భర్త
లింగరాజు


లత టౌన్‌షిప్, ఎయిటీన్త్ స్ట్రీట్, థర్డ్ ఫ్లోర్
6 ఏప్రిల్

ప్రియమైన మావకి,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఏటే, ఏటైంది" అనే మనిషి విశదముగా అనడం ఎక్కడ నేర్చుకున్నాడు? వెంట్రుక గురించి ఒక్క ముక్క లేదు. జున్ను అన్న మాట లేదు. అన్నీ ప్రశ్నలే. పోలీసువాడు రాసినా ఇలాగే రాస్తాడు కదా అనిపించి, సింహాచలమ్మని నిలదీశాను. "ఆడి సేతిలో ఎట్టినానమ్మా, ఆడి సేతిలోంచే తెచ్చినాను" అంది. సరే, అత్తయ్య మోకాలు సంగతి బయటివాడికి తెలియదు. నువ్వే అనుకుని రాస్తున్నాను.

అడిగావు కనుక చెబుతాను. ఒళ్లు బాగా కాలినప్పుడు చర్మంతో పాటు కింద కండ కూడా పోతుంది. అది దానంతటది పెరగలేదు, ఎక్కడానికి ఆధారం కావాలి. గోడ కట్టడానికి మేస్త్రీలు వెదురుతో పరంజా కట్టరూ, అలాంటిది కణాల కోసం మేము జెల్‌తో కడుతున్నాం. జెల్ నిండా రంధ్రాలుండాలి, ఒక్కోటి ఆవగింజలో పదో వంతు. కణాలు అందులోకి పాకి కాపురం పెడతాయి. కండ తయారయ్యాక పరంజా దానంతటదే కరిగిపోవాలి.

రంధ్రాలు చేసేది మంచే. జెల్‌ని మంచు, ఉప్పు కలిపి చుట్టూ పేర్చి గడ్డకట్టిస్తే లోపల నీళ్లు పలుకులవుతాయి. కరగబెడితే పలుకులున్న చోట ఖాళీ మిగులుతుంది. నాలుగైదుసార్లు అలా చేయాలి. ఆ పొడి కూడా రంధ్రాల కోసమే తెచ్చాం, పనిచేయలేదు. నీ మాట విని పారేశాను.

మా బాధల్లా ఒకటే. రంధ్రాలు వస్తున్నాయి కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేదు. దేని గదిలో అది మూసుకుపోతోంది. పైన సిరా చుక్క వేస్తే అక్కడే నిలబడిపోతుంది, అడుగుకి దిగదు. దారి లేకపోతే లోపలి కణాలకి తిండి అందదు, చచ్చిపోతాయి. ఆశ ఉంటే ఇద్దరం కొట్టుకుంటూ ఏదో ఒకటి తేల్చేవాళ్లం.

మా టిన్ని చూడటానికి ఎవరూ రారు. నువ్వు కంగారు పడకు. ఈసారి నీ మాటల్లో రాయి.

నీ
మణి


ఇన్సేన్
16 ఏప్రిల్ 2021

ప్రియమైన సహధర్మచారిణి బాలామణికి,

ఉభయకుశలోపరి. సంక్రాంతి వెళ్లినట్లే తింజాన్ నీళ్ల పండుగయు వెళ్లిపోయినది, ఈ సంవత్సరము ఎవ్వరును నీళ్లు చల్లుకొనలేదు.

టిన్నుకు అన్ని వైపులా మంచు పెట్టుచున్నావు కనుక చలి అన్ని వైపులనుండి వచ్చి నడుమ ఢీకొనుచున్నది, అందువలన దారి మూసుకొనుచున్నదని నా అభిప్రాయము. చలి ఒక్క అడుగునుండియే పైకి ఎక్కవలెను. ఇందుతో వేరొక టిన్ను పంపుచున్నాను. దాని అడుగు తొలగించి రాగిరేకు వేసి అతికితిని. ప్రక్కలకు కొబ్బరిపీచు దట్టముగా చుట్టుము. రాగి అడుగు మాత్రమే మంచును తాకవలెను.

ఇట్లు,
నీ భర్త
లింగరాజు


లత
22 ఏప్రిల్

మావకి,

సోమవారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా ఎనిమిది మంది వచ్చారు. నేరుగా మూడో అంతస్తుకే వచ్చారు. కింద ఎవరినీ అడగలేదట. తలుపు తీయగానే "మా టిన్ ఎక్కడ" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆ పేరుగల ఆవిడ ఈ ఇంట్లో లేదన్నాను. "దాచారు, మాకు తెలుసు. స్ట్రైకులో తిరిగే మా టిన్, ఈ ఇంట్లోనే ఉంది" అన్నారు. బీరువా తీశారు, పరుపులు చింపారు. మంచం కింద టిన్ను కాలితో తన్ని మూత తీసి చూసి, ఏదో తినే జెల్లీ అనుకుని వదిలేశారు. అచ్చులు సగం నేలపాలయ్యాయి. పోతూ పోతూ బలరాంని తీసుకుపోయారు. మా టిన్ ఎక్కడుందో చెబితే వదులుతారట. ఎక్కడికి తీసుకెళ్లారో చెప్పలేదు. అమ్మ అప్పటినుంచి కిటికీ దగ్గరే కూర్చుంది.

మొత్తం లత టౌన్‌షిప్‌లో నాకు తెలిసిన మా టిన్ ఎవరూ లేరు. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నిన్న నేల తుడుస్తూ వంగి ఆ డబ్బాని ఎత్తినప్పుడు తెలిసింది. మా టిన్. టిన్ అన్నది బర్మావాళ్లలో మనిషి పేరు, ఆడపిల్ల పేరుకి ముందు మర్యాదకి పెట్టేది మా. నేను రాసిన మా మనది, తెలుగుది. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి నేను ఈ లోకంలో ఒక్క మనిషికే రాశాను.

తెలుగు వచ్చినవాడు ఆ వాక్యం చదివితే డబ్బా అని తెలిసిపోతుంది. తెలుగు రానివాడు అసలు చదవలేడు. అక్షరాలు వచ్చి, అర్థం తెలియనివాడు ఎవడు? ఎంత ఆలోచించినా ఈ ముడి విప్పుకోలేకపోతున్నాను. నా ఉత్తరం నువ్వు కాక ఇంకెవరు చదివారు? నిజం చెప్పు. బలరాం ప్రాణం దీని మీద ఉంది.

నువ్వు పంపిన టిన్ను ముట్టుకోలేదు. దాని అడుగు మందంగా ఉంది. రెండు రేకుల మధ్య ఏమైనా పెట్టారేమోనని భయం. నీ గురించి ఇలా అనుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మణి


ఇన్సేన్
27 ఏప్రిల్ 2021

ప్రియమైన సహధర్మచారిణి బాలామణికి,

బలరాం వార్త విని అమ్మయు నేనును దుఃఖసముద్రములో మునిగితిమి. నీ లేఖలను నేను తప్ప అన్యులెవ్వరును చదువలేదు. ఇది ప్రమాణపూర్వకముగా వ్రాయుచున్నాను. ధైర్యము వహింపుము.

ఇట్లు,
నీ భర్త
లింగరాజు


లత
30 ఏప్రిల్

లింగరాజు గారికి,

అన్యులెవ్వరును అన్న మాట నా మొగుడు చచ్చినా రాయడు. ఇది ఎవరో రాసిన ఉత్తరం, లేదా ఎవరో దగ్గర కూర్చుని రాయించిన ఉత్తరం. సైన్యానికి కబుర్లు మోసే దలాన్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లలో బంధువులున్నారు, స్నేహితులున్నారు. మొగుళ్లు ఎందుకుండకూడదు? స్ట్రైకు చేసిన మనిషిని పట్టుకుని, పెళ్లాం ఉత్తరాలు ఇచ్చేయ్, నిన్ను వదిలేస్తాం అంటే ఏం చేస్తాడు? నువ్వైతే ఏం చేశావు?

బలరాంని తీసుకుపోయి పదకొండు రోజులైంది. అమ్మ అన్నం ముట్టడం లేదు. నేను నీతో కాపురం చేశానో, ఒక దలాన్‌తో చేశానో తెలియకుండా ఈ ఇంట్లో కూర్చోలేను.

ఒకటే అడుగుతున్నాను. ఈ కాగితం ఇంకొకరి కంట పడనీకు. జవాబు నీ చేత్తో రాయి. ఒక్క వాక్యం చాలు. అది కూడా రాయలేకపోతే ఇక మన మధ్య ఉత్తరాలు వద్దు. ఈ మాట సింహాచలమ్మతో నోటితో కూడా చెప్పి పంపుతున్నాను, అందలేదని అనడానికి లేకుండా.

బాలామణి


ఇన్సేన్
21 మే

పిరియమైన మణికి,

ఈ అచ్చరాలు నాయి. వంకరగా ఉంటాయి, నవ్వకు.

నాకు తెలుగు సదవడం రాదు మణీ. మాటాడతాను, ఇంటాను, అంతే. సిన్నప్పుడు ఆదివారం బడికి పంపితే ఎనక బెంచీలో గోలీలు ఆడినాను. మన పెళ్లి కారడ్డు తలకిందులుగా పట్టుకుంటే నువ్వు నవ్వినావు, సరదాకి అనుకున్నావు. సరదా కాదు. నువ్వు అంత సదువుకున్నదానివి, నీకు ఎలాగ సెప్పను.

నీ ఉత్తరం వస్తే అచ్చెన్న మేస్టారి కాడికి ఎల్లినాను. ఆ ఆదివారం బడి మేస్టారే. ఆయనకి ఇప్పుడు సెవుడు. తన మాట తనకి ఇనబడాలని గట్టిగా సదువుతాడు. టీ కొట్టులో కూకున్నాం. పైనుంచి కిందదాకా, ఎయిటీన్త్ స్ట్రీట్, థర్డ్ ఫ్లోర్‌తో సహా సదివినాడు. రెండో ఉత్తరం కూడా అక్కడే. నీ ఎంట్రుక కాగితం ఇప్పినప్పుడే గాలికి పోయింది. పక్క బల్ల మీద ఎవలున్నారో నాను సూడలేదు. ఆలకి తెలుగు రాకపోతే ఏటి, లత ఇనబడుద్ది, స్ట్రైకు ఇనబడుద్ది, మా టిన్ ఇనబడుద్ది. నీ ముడి ఇదీ. ఎవుడూ సదవలేదు మణీ. ఇన్నారు. ఆడెవుడో మనకి ఎప్పుడికీ తెలీదు.

జవాబులు నాను ఆయన సెవిలో అరిస్తే ఆయన తన భాషలో రాసీవోడు. టిన్నులో ఏటుందని అడిగింది నానే. ఇశదముగా ఆయనది. రాగి అడుగు నాది. ఎవలూ సదవలేదని రాయమన్నది కూడా నానే. సిగ్గుపడి అబద్దం ఆడినాను. ఆ పాపం ఆయనది కాదు.

ఇది ఒక్కడివే సదవాలట అని సింహాచలమ్మ సెప్పింది. మరి మేస్టారికి ఇవ్వలేదు. ఆయన సేత సిమెంటు బస్తా కాగితం మీద అ ఆలు, గుణింతం రాయించుకున్నాను. నీ కాగితం ఒక్కటి సదవడానికి ఇరవై రోజులు పట్టింది. తెలిసిన అచ్చరాలు ముందు కూడబలుక్కున్నాను. నాను మొట్టమొదట సదివిన తెలుగు మాట దలాన్. రెండోసారి కనబడితే ఎవుడో పరాయోడిని అనుకున్నాను. పక్క మాటలు సదివినాక నన్నే అని తెలిసింది. ఆ రోజు ఏడిసినాను.

నీ మొదటి ఉత్తరం కూడా సదివినాను. మా టిన్ అన్నావు. మన టిన్ అనుంటే ఎవుడికీ ఆడమడిసి పేరులాగ ఇనబడదు. ఆ మాలో నువ్వూ ఆశా ఉన్నారు, నాను లేను. తప్పు పట్టడం కాదు. ఉండీలాగ నాను కూడా ఎప్పుడూ మసులుకోలేదు.

టిన్నుకి దొంగ అడుగు లేదు. రాగి అతకడానికి రెండుసార్లు టంకం ఎట్టినాను, అందుకే మందం. జూన్ మొదటి శనివారం మీ వార్డు ఆపీసుకి వచ్చి ఉత్తరం నాదే అని సెప్తాను. స్ట్రైకు లిస్టులో నా పేరుంది, తెలుసు. బలరాంని ఒదిలితే సాలు.

నీ
రాజు


లత
2 జూన్

ప్రియమైన మావకి,

పెద్ద అక్షరాలతో, చిన్న మాటలతో రాస్తున్నాను. నువ్వే చదువుకోవాలి.

నువ్వు రాకు. వచ్చే పని లేదు. బలరాం ఇంటికి వచ్చాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్ను ఆ మాట అన్నాను. రాయడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది, చదవడానికి నీకు ఇరవై రోజులు పట్టింది. ఈ తప్పు నేను ఎలా దిద్దుకోవాలో తెలియదు. ఆరేళ్లు పక్కనే ఉండి నీకు చదవడం రాదని కనిపెట్టలేదు. మనిషి కళ్లెదుట ఉంటే చూడలేదు, కాగితం మీద వెతికాను.

శనివారం నువ్వు వస్తే నిన్ను వదలరని నాకు తెలుసు. అందుకే ముందు నేనే వెళ్లాలనుకున్నాను. డబ్బాని డబ్బా అని చూపించాలి. మిగిలిన జెల్ నీ టిన్నులో పోసి, పక్కలకి పీచు చుట్టి, రాగి అడుగు మాత్రం మంచు మీద పెట్టాను. నాలుగు రోజులు అలా చేసి, మంచు కోసం నేనే బోటాటౌంగ్ దాకా నడిచాను. ఐదో రోజు అమ్మని వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకి వెళ్లి బల్ల మీద టిన్ను పెట్టి, "మీరు అడిగిన మా టిన్ ఇదే" అన్నాను.

కొట్టిపారేస్తారనుకున్నాను. ఆఫీసు పెద్ద టిన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మా భాషలో మా అంటే మాది అని అర్థమని ఐదుసార్లు చెప్పాను. నీ పేరు ఎత్తలేదు, ఉత్తరం ఆశకి రాసుకున్నానని చెప్పాను. చివరికి అతను "మీవాళ్లు డబ్బాకి కూడా మా పెట్టి పిలుస్తారా" అని నవ్వాడు. అతను నవ్వాక మిగతావాళ్లూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

నమ్మకం లేక ఒక అచ్చు తీసి వేళ్లతో నలిపి చూశాడు. ఏముంది ఇందులో, ఉత్త స్పాంజి, అని స్టాంపు వేసే ఊదా సిరా పెట్టె మీదికి విసిరేశాడు. మావా, ఆ సిరా అడుగు నుంచి పైకి ఎక్కింది. నేను చూస్తుండగానే ఎక్కింది. ఒక్కచోట ఆగలేదు. పైనంతా ఊదాగా చుక్కలు చుక్కలుగా వచ్చింది. రెండేళ్లుగా నాకూ ఆశకీ దొరకని దారి నీ రాగి రేకు మీద దొరికింది. తమ్ముడు ఎక్కడున్నాడో తెలియకుండా ఆ గదిలో నిలబడి సంతోషపడ్డాను. దానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

టిన్నులోవి అన్నీ పంచనామా అని వాళ్లే ఉంచేసుకున్నారు. ఖాళీ టిన్ను ఇచ్చారు. మూడో రోజు బలరాం వచ్చాడు. చిక్కిపోయాడు, ఎడమ చెయ్యి పైకి ఎత్తలేడు. నలభై రోజులు వాడిని ఒకటే అడిగారట, మా టిన్ ఎక్కడ అని. గుమ్మంలోకి రాగానే నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా, "అక్కా, ఆ పిల్ల దొరకలేదు కదా" అన్నాడు. నిజంగానే ఇంట్లో ఎవరినో దాచాననుకుని, ఎక్కడ పొరపాటున నోరు జారతానో అని మొదటి వారం అసలు మాట్లాడలేదట.

అచ్చెన్న మేస్టారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన మీద నాకు కోపం లేదు.

మళ్లీ మొదటినుంచి చేయాలి. మన టిన్ను కడిగి బోర్లించాను. ఆ మాట మళ్లీ చదువు, నీ కోసమే రాశాను. కొత్తగా చదవడం వచ్చినవాళ్లు పైకి చదువుతారు. నువ్వు పెదాలు కదపకు.

నీ
మణి